ఒకే పేరు, రెండు కార్డులు



సరిహద్దు జిల్లాల్లో కాపురముండే మనకు ఒక చిక్కు బాగా పరిచయం. మాట ఒకటే ఉంటుంది, అర్థాలు రెండుంటాయి. ఊట అంటే మనకు చెలమలో ఊరే నీరు. కన్నడంలో ఊట అంటే భోజనం. మా వీధికి గుంటూరు వైపు నుంచి కొత్తగా కోడలిగా వచ్చిన అమ్మాయిని పక్కింటావిడ "ఊట ఆయ్తా?" అని ఆప్యాయంగా పలకరిస్తే, "మా పెరట్లో బావి లేదండీ, కొళాయే" అని జవాబు చెప్పిందట. ఆ అమ్మాయి ఇప్పుడు నాకంటే చక్కగా కన్నడం మాట్లాడుతుంది, అది వేరే సంగతి.

పుట్టింది మొదలు రెండు భాషల మధ్య బతుకుతున్నవాణ్ణి, బడిలో రెండు భాషల్లోనూ పాఠం చెప్పేవాణ్ణి. ఒకే పేరు చూసి నేను పొరపాటు పడనని అనుకునేవాణ్ణి. కాని ఒక కంప్యూటరు సామాను దగ్గర సరిగ్గా అలాగే పొరపాటు పడ్డాను. నేను పడితే ఫరవాలేదు, నా మాట నమ్మి ఇంకొకరి డబ్బు ఖర్చయింది. ఆ సామాను పేరు గ్రాఫిక్స్ కార్డు. సెలవుల్లో కంప్యూటరు మీద కాసేపు ఆటలాడుకునే పిల్లల కోసం తక్కువ ధరలో గ్రాఫిక్స్ కార్డు కొనాలంటే ఏమి చూడాలి, ఏ కార్డుకూ ఏ కార్డుకూ తేడా ఎక్కడుంది, అసలు కార్డు అవసరమా కాదా, ఈ సంగతులు ఈరోజు ముచ్చటించుకుందాం. వీలుంటే ఒక కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి. చివర్లో ఒక చీటీ రాయిస్తాను.

ముందు జరిగింది చెబుతాను. 2019 వేసవి. మా బడిలో అటెండరుగా పనిచేసే ఆయన కొడుకు ఎస్సెస్సెల్సీ మంచి మార్కులతో పాసయ్యాడు. పాసైతే కంప్యూటరులో కార్డు వేయిస్తానని తండ్రి ముందే మాటిచ్చాడు. ఇంట్లో ఉన్నది కార్యాలయాలు వాడి అమ్మేసిన పాత కంప్యూటరు, సన్నటి డబ్బా. గుంతకల్లులో ఉన్న మేనత్త ఇంట్లో ఆ పిల్లవాడు ఒక కార్ల పందెం ఆట చూశాడు. అక్కడ కంప్యూటరు కూడా ఇంచుమించు అలాంటిదే. అందులో ఉన్న కార్డు జీటీ 1030. ఆట హాయిగా నడుస్తోంది. నేనూ ఒకసారి అటు వెళ్ళినప్పుడు కళ్ళారా చూశాను.

అటెండరు నన్ను అడిగాడు. నేను ఒక కాగితం ముక్క మీద జీటీ 1030 అని రాసిచ్చాను. అంతే రాశాను. ఆయన రాత్రి బస్సెక్కి బెంగళూరు వెళ్ళి, ఎస్పీ రోడ్డులో నాలుగు దుకాణాలు తిరిగి, పేరు సరిచూసుకుని, అందరికంటే తక్కువ చెప్పినచోట కొని, మర్నాడు తెల్లవారేసరికి దిగాడు. ఐదు వేల చిల్లర అయింది. ఆయన జీతానికి అది చిన్న మొత్తం కాదు.

ఆదివారం నేనే వెళ్ళి కార్డు బిగించాను. ఆట పెట్టాం. పిల్లవాడి ముఖం చూస్తున్నాను. కారు మలుపు తిరిగినప్పుడల్లా బొమ్మ ఆగుతోంది, తుళ్ళిపడుతోంది, మళ్ళీ ఆగుతోంది. గుంతకల్లులో సెకనుకు 45 బొమ్మలు వచ్చినచోట ఇక్కడ 20 కూడా నికరంగా రావడం లేదు. కంప్యూటరు పాతది కదా అన్నాను. డ్రైవర్లు మార్చాను, డబ్బాలో దుమ్ము దులిపాను. ఏమీ మారలేదు. చివరికి సైన్సు పాఠంలో పిల్లలకు చెప్పే పద్ధతే పాటించాను. ఒకసారికి ఒక్కటే మార్చి చూడాలి కదా. వచ్చే ఆదివారం ఆ కార్డు ఊడదీసి, సంచిలో పెట్టుకుని, 50 కిలోమీటర్ల దూరాన ఉన్న గుంతకల్లు వెళ్ళాం. వాళ్ళ కంప్యూటరులో మా కార్డు పెట్టాం. అక్కడా ఆట కుంటింది. వాళ్ళ కార్డు మళ్ళీ పెడితే పరుగెత్తింది. అంటే కంప్యూటరులో దోషం లేదు. పేరు ఒకటే అయినా కార్డులు రెండూ ఒకటి కావు.

జీపీయూ-జెడ్ అని ఒక ఉచిత ప్రోగ్రాము ఉంది. కార్డు లోపలి వివరాలన్నీ ఒక చిన్న పట్టికలో చూపిస్తుంది. అది తెరిచాక విషయం బయటపడింది. వాళ్ళ కార్డులో మెమరీ జీడీడీఆర్ 5 రకం. మాదాంట్లో డీడీఆర్ 4 రకం. ఎన్విడియా సంస్థ 2017లో ఈ కార్డును మొదటి రకం మెమరీతో విడుదల చేసింది. 2018లో రెండో రకం మెమరీతో అదే పేరు మీద ఇంకొకటి వచ్చింది. మొదటిదాంట్లో మెమరీ నుంచి సెకనుకు 48 గిగాబైట్ల సమాచారం అందుతుంది. రెండోదాంట్లో 16.8 గిగాబైట్లే, అంటే దాదాపు మూడోవంతు. డబ్బా అటూ ఇటూ తిప్పి చూస్తే ఒక పక్కన చిన్న అక్షరాల్లో డీడీఆర్ 4 అని రాసే ఉంది. దుకాణంవాడు దాచిందేమీ లేదు. మేమే చూడలేదు.

తిరిగి వస్తున్నప్పుడు బస్సులో అటెండరు ఎంతో నెమ్మదిగా ఒక మాటన్నాడు. "పేరు మీరు చెప్పిందే తెచ్చినా సార్. ఇంకా ఏం చూడాల్నో మీరు చెప్పలేదు కదా." ఇరవై ఏళ్ళుగా పాఠాలు చెబుతున్న నాకు ఆ మాట గట్టిగా తగిలింది. ఈ ప్రసంగం ఒకరకంగా ఆ మాటకు నేను చెప్పుకుంటున్న జవాబు.

ఇప్పుడు కాస్త పాఠంలోకి వెళదాం. కంప్యూటరులో ప్రాసెసరు ఉండగా ఈ కార్డు ఎందుకు? పెళ్ళింటి వంటశాల ఊహించుకోండి. పెద్ద వంటాయన ఒకరుంటారు. ఏది ముందు పొయ్యెక్కాలి, ఉప్పెంత, పులుపెంత, అన్నీ ఆయన నిర్ణయిస్తాడు. ఆయన ప్రాసెసరు. పక్కన చాపల మీద వరసగా కూర్చుని వంకాయలు తరిగేవాళ్ళు ఉంటారు. అందరిదీ ఒకటే పని, కాని అందరూ ఒకేసారి చేస్తారు. ఆ వరస గ్రాఫిక్స్ కార్డు. తెర మీది బొమ్మ చిన్నచిన్న చుక్కలతో ఏర్పడుతుంది. ఇప్పటి మామూలు మానిటరులో అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలుంటాయి. గుణిస్తే 20 లక్షల 73 వేల పైచిలుకు. ఆట సాఫీగా కనిపించాలంటే సెకనుకు 60 బొమ్మలు కావాలి. అంటే సెకనుకు 12 కోట్ల 44 లక్షల చుక్కలకు రంగు తేల్చాలి. పెద్ద వంటాయన ఒక్కడే కూర్చుని ఇన్ని వంకాయలు తరగలేడు.

జీటీ 1030లో అలా తరిగేవాళ్ళు 384 మంది. రెండు రకాల్లోనూ అంతమందే. మరి వేగం ఎందుకు పడిపోయింది? తరిగేవాళ్ళ ముందుకు కూరగాయలు ఎవరో తెచ్చి పొయ్యాలి కదా. ఒక ఇంట్లో ఆ పనికి పెద్ద గంపలున్నాయి, ఇంకో ఇంట్లో చిన్న బుట్టలున్నాయి. చిన్న బుట్టలున్న ఇంట్లో కత్తిపీటలు ఖాళీగా ఎదురుచూస్తూ ఉంటాయి. మెమరీ రకం, దాని దారి వెడల్పు, ఈ రెండూ కలిసి గంప ఎంతో తేలుస్తాయి. ఆ వెడల్పును బిట్లలో చెబుతారు. 64 బిట్లు ఇరుకు దారి, 128 బిట్లు దానికి రెట్టింపు. కాబట్టి "4 జీబీ కార్డు సార్, తీసుకోండి" అని ఎవరైనా అంటే సంతోషించకండి. జీబీ అనేది సరుకు పెట్టుకునే కొట్టు ఎంత పెద్దదో చెబుతుంది. కొట్టులోంచి సరుకు ఎంత వేగంగా బయటికి వస్తుందో అది చెప్పదు. కొట్టు చిన్నదైతే కూడా కష్టమే. ఇప్పటి ఆటల్లో బొమ్మలు బరువు. 2 జీబీ ఇప్పుడు ఏ మూలకూ రాదు. పాత ఆటలకు 4 జీబీ సరిపోతుంది. కొత్త ఆటలు కూడా ఆడాలనుకుంటే 6 గాని 8 గాని ఉండాలి.

ఇక మొదటి ప్రశ్న. అసలు కార్డు కావాలా? నా అనుభవంలో అడగడానికి వచ్చేవాళ్ళలో చాలామందికి అవసరం ఉండదు. పిల్లవాడు ఆడే ఆట ఏదో ముందు తెలుసుకోండి. మైన్‌క్రాఫ్ట్, వాలరెంట్ వంటివి తేలికపాటి ఆటలు. వాలరెంట్ తయారీదారులు చెప్పిన కనీస అవసరం ఇంటెల్ హెచ్‌డీ 4000. అది 2012లో ప్రాసెసరులోనే కలిసి వచ్చిన గ్రాఫిక్స్, విడి కార్డు కాదు. ఏఎండీ వాళ్ళ రైజెన్ 5 5600జీ, 8600జీ వంటి ప్రాసెసర్లలో ఇంకా బలమైన గ్రాఫిక్స్ లోపలే ఉంటుంది. కొత్తగా కంప్యూటరు కొనేవాళ్ళు, కాసేపు ఆడుకోవడానికే అయితే, అలాంటిది తీసుకుని కార్డు డబ్బు మిగుల్చుకోవచ్చు.

ఇక్కడ ఒక చిన్న కిటుకు ఉంది. ప్రాసెసరులో కలిసి ఉన్న గ్రాఫిక్స్‌కు విడిగా మెమరీ ఉండదు. కంప్యూటరు ర్యామ్‌నే వాడుకుంటుంది. ఒకే 16 జీబీ ర్యామ్ ముక్క బదులు రెండు 8 జీబీ ముక్కలు సరైన గాడుల్లో పెడితే దారులు రెండవుతాయి, గంప రెట్టింపవుతుంది. చాలా కంప్యూటర్లలో ఒక్క ముక్కే ఉండి, పక్క గాడి ఖాళీగా ఉంటుంది. కార్డు కొనే ముందు డబ్బా తెరిచి ఆ గాడి చూడండి. అయితే 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. కాబట్టి ఉన్న ముక్కకు జత దొరుకుతుందేమో ముందు విచారించండి.

ఆటలో ఉండే అమరికలు కూడా మరచిపోకూడదు. నీడలు తగ్గించి, బొమ్మ కొలత 1920 నుంచి 1366 కి దించితే చుక్కలు 20 లక్షల నుంచి పదిన్నర లక్షలకు దిగుతాయి. పని సగమవుతుంది. ఖర్చేమీ లేదు. ఇది పిల్లవాడి చేతనే చేయించండి, వాడికీ లెక్క వస్తుంది. లాప్‌టాపు ఉన్నవాళ్ళకు ఇంతవరకే దారి. లాప్‌టాపులో తర్వాత ఇలాంటి కార్డు వేయడం సామాన్యంగా కుదిరే పని కాదు.

ఇవన్నీ చేసినా సరిపోకపోతే అప్పుడు కార్డు. మన జిల్లాల్లో చాలా ఇళ్ళలో ఉండేది నేను చెప్పిన పాత కార్యాలయపు కంప్యూటరే. దానికి కార్డు వేసేటప్పుడు మొదట చూడవలసింది కరెంటు. కార్డు కూర్చునే గాడి నుంచి 75 వాట్లకు మించి అందదు. అంతకంటే ఎక్కువ తాగే కార్డుకు పవర్ సప్లై నుంచి విడిగా తీగ రావాలి. సన్నటి డబ్బాల్లో ఆ తీగ ఉండదు, పవర్ సప్లై కూడా 200 వాట్ల చుట్టుపక్కలే ఉంటుంది. పైగా మామూలు కార్డు ఆ డబ్బాలో ఎత్తుకు పట్టదు. సగం ఎత్తు కార్డు కావాలి, దానికి తగ్గ పట్టీ కూడా డబ్బాలో ఉండాలి.

అందుచేత 75 వాట్లలోపు కార్డులను పక్కపక్కన పెట్టి చూద్దాం. మొదటిది జీటీ 1030, 30 వాట్లు. ఇవాళ దీన్ని కొత్తగా కొనమని చెప్పను. మెమరీ 2 జీబీయే. అదీగాక అది పాస్కల్ తరానికి చెందినది. ఆ తరం కార్డులకు కొత్త ఆటల కోసం ఇచ్చే డ్రైవర్లను ఎన్విడియా 2025 అక్టోబరుతో ఆపేసింది. ఇక భద్రతకు సంబంధించిన సవరణలే వస్తాయి. 2016 నాటి జీటీఎక్స్ 1050 టీఐ చాలాకాలం పేదవాడి కార్డుగా పేరుపొందింది. 4 జీబీ, 128 బిట్లు, 75 వాట్లు. మంచి కార్డే, కాని అదీ పాస్కల్ తరమే. ఇంట్లో ఉంటే వాడుకోండి. పాతది కొనాలంటే మాత్రం బాగా చవగ్గా వస్తేనే.

దాని తర్వాతిది జీటీఎక్స్ 1650, 2019లో వచ్చింది. 4 జీబీ, 128 బిట్లు, మూల రూపంలో 75 వాట్లు. ఇక్కడ కూడా పేరు ఒకటే, రకాలు రెండు. మొదట జీడీడీఆర్ 5 మెమరీతో సెకనుకు 128 గిగాబైట్లు, తర్వాత 2020లో జీడీడీఆర్ 6 తో 192 గిగాబైట్లు. కొన్ని కంపెనీలు దీన్ని విడి తీగ కావలసిన విధంగా కూడా తయారుచేశాయి, కాబట్టి డబ్బా చూడకుండా తీసుకోవద్దు. 2022లో జీటీఎక్స్ 1630 అని ఇంకొకటి వచ్చింది. దానికి దారి 64 బిట్లే. అది 1650 కంటే బాగా వెనక. 1050 కంటే 1630 పెద్ద అంకె కదా అని మోసపోకండి. అంకె పెద్దదైతే కార్డు పెద్దదనే నియమం ఏమీ లేదు.

ఏఎండీ వాళ్ళ ఆర్ఎక్స్ 6400 కూడా 2022 నాటిదే. 4 జీబీ, 53 వాట్లు, సగం ఎత్తులోనూ దొరుకుతుంది. సన్నటి డబ్బాకు సరిగ్గా కుట్టించినట్టు అనిపిస్తుంది. కాని ఒక మెలిక ఉంది. మదర్‌బోర్డుతో మాట్లాడటానికి ఈ కార్డు నాలుగు దారులే వాడుకుంటుంది. కొత్త బోర్డుల్లో ఒక్కొక్క దారి వేగం ఎక్కువ కాబట్టి నాలుగే అయినా చాలుతాయి. పాత బోర్డుల్లో దారి వేగం సగమో, ఇంకా తక్కువో ఉంటుంది. అంటే పాత కంప్యూటరుకు సరిగ్గా పట్టే ఈ కార్డు పాత కంప్యూటరులోనే కొంత కుంటుతుంది. ఆట ఆడుతూ దాన్ని వీడియోగా పట్టుకునే ఏర్పాటు కూడా ఈ కార్డులో లేదు. యూట్యూబులో పెట్టాలని సరదాపడే పిల్లలున్న ఇళ్ళకు ఇది పనికిరాదు.

ఇంటెల్ వాళ్ళ ఆర్క్ ఏ380లో 6 జీబీ ఉంది, ధర కూడా అందుబాటులోనే ఉండేది. అయితే మదర్‌బోర్డులో రీసైజబుల్ బార్ అనే సదుపాయం ఉంటేనే అది సరిగా పనిచేస్తుంది. ఇంటెల్ పదో తరానికి ముందున్న కంప్యూటర్లలో సాధారణంగా అది ఉండదు. కాబట్టి పాత డబ్బాకు వద్దు.

ఈ వరసలో ఇప్పుడు ముందున్నది 2024 ఫిబ్రవరిలో వచ్చిన ఆర్టీఎక్స్ 3050, 6 జీబీది. 70 వాట్లు. విడి తీగ అక్కర లేకుండానే నడిచేలా చేశారు, సగం ఎత్తులోనూ తయారుచేసినవాళ్ళున్నారు. డీఎల్ఎస్ఎస్ అనే సదుపాయం దీనికి ఉంది. చిన్న బొమ్మ గీసి, దాన్ని తెలివిగా పెద్దది చేసి చూపించే పద్ధతి అది. పాత కంప్యూటరుకు కొత్త కార్డే కావాలనుకునేవాళ్ళు ముందుగా దీని ధర విచారించండి. కాని ఇక్కడ కూడా పాత కథే! 2022లో వచ్చిన ఆర్టీఎక్స్ 3050 కి 8 జీబీ, 128 బిట్లు, 2560 మంది పనివాళ్ళు, 130 వాట్లు. 6 జీబీదానికి 96 బిట్లు, 2304 మంది, 70 వాట్లు. పేరు ఒకటే. బలమైన 8 జీబీది తెలియక తెచ్చుకుంటే పాత డబ్బాలో తీగ లేక మూలపడుతుంది. బలహీనమైన 6 జీబీది 8 జీబీ దాని ధరకు కొంటే డబ్బు పోతుంది. మూడు రూపాయల తేడా అయితే ఊరుకోవచ్చు, వేల రూపాయల తేడా.

పెద్ద డబ్బా ఉండి, మంచి కంపెనీ పవర్ సప్లై 450 నుంచి 550 వాట్ల దాకా ఉండి, విడి తీగ కూడా ఉన్నవాళ్ళ సంగతి సులువు. 2021 నాటి ఏఎండీ ఆర్ఎక్స్ 6600 గాని, ఆర్టీఎక్స్ 3050 8 జీబీది గాని, 2025లో వచ్చిన ఆర్టీఎక్స్ 5050 గాని చూడవచ్చు. మూడింటికీ 8 జీబీయే, మూడూ 130 వాట్ల దరిదాపుల్లోనే. మామూలు ఆటల్లో ఆర్ఎక్స్ 6600 ఆ 3050 కంటే చెప్పుకోదగినంత వేగం. ఒకే ధరకు రెండూ కనిపిస్తే 6600 తీసుకోండి. ఇంతకంటే పైకి వెళితే అది కాసేపు ఆడుకునేవాళ్ళ ఖర్చు కాదు. ధరలు నేను చెప్పడం లేదు. ఈ సామాను ధర వారం వారం మారుతుంది. దుకాణంలో మూడు చోట్ల అడిగితే తెలిసిపోతుంది.

పాత కార్డులు కొనేవాళ్ళకు రెండు జాగ్రత్తలు. 2021 ప్రాంతంలో ఈథీరియం వంటి క్రిప్టో నాణేల తవ్వకానికి గ్రాఫిక్స్ కార్డులను రాత్రింబవళ్ళు నడిపారు. 2022 సెప్టెంబరులో ఈథీరియం ఆ పద్ధతి మానుకున్నాక వాటిలో ఎన్నో పాత సామాను బజారుకు వచ్చాయి. అలాంటి కార్డు చెడిపోయిందనే అనుకోనక్కరలేదు, కాని అరగంట ఆట నడిపించి, ఫ్యాను చప్పుడు, వేడి చూశాకే డబ్బివ్వండి. రెండోది, నకిలీ కార్డులు. పాతకాలపు బలహీనమైన కార్డులో సమాచారం మార్చి, కంప్యూటరులో 1050 టీఐ అని కనిపించేలా చేసి అమ్ముతారు. పట్టుకోవడం తేలికే. ఆ తరం చిప్పులకు పాత నీలం రంగు వీజీఏ తీగను నేరుగా నడిపే శక్తి లేదు. 1050 టీఐ అని చెప్పిన కార్డు వెనక వీజీఏ రంధ్రం కనిపిస్తే దండం పెట్టి వచ్చేయండి. జీపీయూ-జెడ్ కూడా చాలా నకిలీలను గుర్తుపట్టి, పేరు ముందే నకిలీ అని చూపిస్తుంది. ఇదే కారణంగా ఇంట్లో పాత వీజీఏ మానిటరు మాత్రమే ఉన్నవాళ్ళు హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకు మార్చే చిన్న పరికరం కూడా లెక్కలో వేసుకోవాలి.

ఇంకొక మాట చెప్పాలి, నవ్వకండి. కార్డు బిగించాక మానిటరు తీగను కార్డుకే తగిలించండి. పాత అలవాటు కొద్దీ మదర్‌బోర్డుకే తగిలించి, "కార్డు వేసినా ఏమీ తేడా లేదు సార్" అని నా దగ్గరికి వచ్చినవాళ్ళు ఇప్పటికి ముగ్గురు.

మనవాళ్ళు కొనడానికి వెళ్ళేది ఎక్కువగా పొరుగు పట్టణాలకు. బళ్ళారి, కోలారు వాళ్ళు బెంగళూరు ఎస్పీ రోడ్డుకు, రాయచూరు వాళ్ళు సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరుకు, హోసూరు ఆవల ఉన్నవాళ్ళు కొందరు చెన్నై రిచీ స్ట్రీటుకు వెళతారు. వందల కిలోమీటర్లు వెళ్ళి తెచ్చిన సరుకు మార్చుకోవడం కష్టం. అంచేత బిల్లులో కార్డు పేరు ఒక్కటే రాయించుకుని రాకండి. మెమరీ రకం, జీబీ, సీరియల్ నంబరు కూడా రాయించుకోండి. వారంటీ ఎన్నేళ్ళు, మనకు దగ్గర్లో సర్వీసు ఎక్కడ ఇస్తారు అని అడగండి. కన్నడంలో అడిగినా, తెలుగులో అడిగినా, వచ్చీరాని హిందీలో అడిగినా వాళ్ళు చెబుతారు. అడగకపోతేనే చెప్పరు.

ఇంతకీ మా అటెండరు కార్డు ఏమైందని మీరు అనుకుంటూ ఉండవచ్చు. డబ్బా విప్పిన సరుకు వెనక్కి తీసుకోమన్నారు. ఆ కార్డు కొన్న ధరకే నేను ఉంచుకున్నాను. ఆయన వద్దన్నాడు, నేను వినలేదు. మార్కుల జాబితాలు వేసుకోవడానికి, పాఠాల వీడియోలు చూడటానికి అది నా దగ్గర ఇప్పటికీ శుభ్రంగా పనిచేస్తోంది. ఆ పనికి అది మంచి కార్డే. రెండు నెలల తర్వాత ఇద్దరం కలిసి వెళ్ళి అదే పేరున్న మొదటి రకం కార్డు వెతికి తెచ్చాం. దుకాణంలో ఈసారి డబ్బా తిప్పి పక్కన ఉన్న చిన్న అక్షరాలు చదివింది ఆయనే. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటూ చదివి, "ఇది అదే సార్" అన్నాడు. ఆ సాయంత్రం పిల్లవాడి కారు మలుపు దగ్గర ఆగలేదు.

ఇప్పుడు పెన్సిలు తీసుకోండి. ఆ రోజు నేను రాసివ్వవలసిన చీటీ రాయిస్తాను. మొదటి వరస, పిల్లవాడు ఆడే ఆట పేరు, దానికి తయారీదారులు అడిగిన కనీస కార్డు. రెండో వరస, మన కంప్యూటరు సంగతి: ప్రాసెసరు ఏ తరం, పవర్ సప్లై ఎన్ని వాట్లు, విడి తీగ ఉందా లేదా, డబ్బా సన్నదా పెద్దదా. మూడో వరస, కార్డు పూర్తి పేరు, వెనక ఉండే టీఐ, ఎక్స్‌టీ వంటి తోక అక్షరాలతో సహా. నాలుగో వరస, మెమరీ ఎన్ని జీబీ, ఏ రకం, ఎన్ని బిట్లు. ఐదో వరస, కార్డుకు ఎన్ని వాట్లు. ఐదు వరసలూ నిండితేనే బస్సెక్కండి. ఒక్క వరస ఖాళీగా ఉన్నా ప్రయాణం వారం వాయిదా వేసుకోండి, నష్టం లేదు.

మీ ఊళ్ళో కూడా నాలాంటి మేష్టరు ఒకరుంటారు. కంప్యూటరు తెలిసినవాడని అందరూ వాళ్ళనే అడుగుతారు. ఆ మేష్టర్లకు కూడా ఒక మనవి. మన నోటి నుంచి వచ్చిన పేరు ఒకరి నెల జీతంలో భాగం. పేరుతో పాటు ఏమేమి చూడాలో కూడా చెప్పి పంపుదాం. ఊట ఆయిందా అని అడిగినవాళ్ళు ఏ భాషలో అడిగారో తెలుసుకుని జవాబు చెప్పడం మనకు అలవాటే కదా. దుకాణం ముందు నిలబడినప్పుడూ అదే అలవాటు పాటిద్దాం.

సెలవు.